పిల్లాడి మీద రుమాలు వేశారు, సరే. మరి సంతకం ఎక్కడ పెట్టాలి?

చిన్నప్పుడు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి చెయ్యి పెట్టి సీటు మీద రుమాలు వేసేవాళ్ళం. ఆ రుమాలు ఉన్న సీటులో ఆ బస్సులో ఇంకెవరూ కూర్చోరు. కానీ రుమాలు వేసినాయన అసలు ఎక్కుతాడో లేదో సీటుకి తెలియదు. కెనడా, అమెరికాల్లో జట్లు వంతులవారీగా పిల్లల పేర్లు ఎంచుకునే జూనియర్ ఐస్ హాకీ డ్రాఫ్ట్ కూడా అలాంటిదే, కాకపోతే ఇక్కడ సీటు మన పిల్లాడు. ఒక జట్టు డ్రాఫ్ట్ చేసిందంటే ఆ లీగ్‌లో మిగతా జట్లు వాడి జోలికి రాకూడదని అర్థం, అంతవరకే. జట్టులో చోటిస్తామన్న మాట అందులో ఎక్కడా లేదు, వాడు అక్కడికే వెళ్ళాలన్న రూలూ లేదు.

నాకు ఈ సంగతి తెలియడానికి ఏడాది పట్టింది. మేముండేది కెనడా ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో. మావాడిని ఒంటారియో లీగ్ జట్టు ఒకటి పదకొండో రౌండ్‌లో తీసుకున్న రోజు, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఉదయం నుంచి పేర్లు చూస్తూ కూర్చున్నాం. వాడి పేరు కనపడగానే మా ఆయన కేకకి పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు. గుంటూరు నుంచి వీడియో కాల్‌లో ఉన్న మా అత్తయ్య "ఉద్యోగం వచ్చినట్టేనా అమ్మా?" అంది. అవునత్తయ్యా అనేశాను. కాదు, ఇంటర్వ్యూకి పిలిచారు, అంతే. ఆ తేడా తెలియక ఆ వేసవంతా పడ్డ టెన్షన్ ఇంకో తల్లి పడకూడదని ఇది రాస్తున్నాను.

మన తెలుగువాళ్ళ పిల్లలు ఇక్కడ రింకుల్లో (ఐస్ మైదానాల్లో) ఇప్పుడు బాగానే కనపడుతున్నారు. కానీ తల్లిదండ్రులుగా మనకి ఈ ఆట వెనక ఉన్న తంతు తెలియదు. తాతల కాలం నుంచి ఆడుతున్న కుటుంబాలకి ఎవరిని ఏం అడగాలో, ఎక్కడ ఆగాలో ఒంట్లోనే ఉంటుంది. మనం ఎంసెట్ కౌన్సెలింగ్ ర్యాంకులు చూసి కాలేజీ ఎంచుకున్నట్టు లీగ్ పేరు చూసి ఎంచుకోబోతాం. ఇక్కడ అది పనికిరాదు.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికన్నా ముఖ్యం ఐస్ టైమ్. పదహారేళ్ళ కుర్రాడు ఎదిగేది మ్యాచ్‌లో ఆడితేనే, బెంచీ మీద కూర్చుని కాదు. పెద్ద లీగ్‌లో నాలుగో లైన్‌లో (అందరికన్నా తక్కువ ఆడే చివరి బృందంలో) ఉంటూ మ్యాచ్‌కి ఆరేడు నిమిషాలు ఆడేవాడికన్నా, ఒక మెట్టు కింద లీగ్‌లో పవర్ ప్లేలో (ఎదుటి జట్టుకి ఆటగాళ్ళు తక్కువైన సమయంలో) కూడా ఆడుతూ పదిహేను, ఇరవై నిమిషాలు ఐస్ మీద ఉండేవాడు ఏడాది తిరిగేసరికి ఎక్కువ నేర్చుకుంటాడు. గోలీల, అంటే గోల్‌కీపర్ల, సంగతి ఇంకా కష్టం. జట్టుకి ఇద్దరే గోలీలు, పందొమ్మిదేళ్ళవాడు ఒకడు నెట్‌లో పాతుకుపోయి ఉంటే మనవాడికి సీజన్‌లో పది మ్యాచ్‌లు దక్కడం కూడా గగనం. కాబట్టి ఆ జట్టులో మనవాడి స్థానంలో ఇప్పుడు ఎవరున్నారు, వాళ్ళ వయసెంత, వచ్చే ఏడు ఎవరు వెళ్ళిపోతారు అని కాగితం మీద రాసుకోండి. జట్ల జాబితాలు పుట్టిన సంవత్సరంతో సహా అందరికీ కనపడేవే. గంట పని, కానీ దానికి మించిన సమాచారం ఏ కోచ్ నోటా రాదు.

రెండోది చదువు. స్కూలు ఎక్కడ, మధ్యాహ్నం ప్రాక్టీసుకీ బస్సు ప్రయాణాలకీ తగ్గట్టు క్లాసులు ఎవరు సర్దుతారు, మార్కులు పడిపోతే ఎవరు పట్టించుకుంటారు.

మూడోది డబ్బు. మనం ఎంత పెట్టాలి, వాళ్ళు ఎంత ఇస్తారు, ఇస్తామన్నదాంట్లో కాంట్రాక్టులో ఉన్నదెంత, నోటిమాటగా అన్నదెంత.

నాలుగోది ఇల్లు. చాలా లీగుల్లో పిల్లాడు బిల్లెట్ కుటుంబంతో ఉంటాడు, అంటే ఆటగాడికి ఒక గదీ అన్నం పెట్టే స్థానిక కుటుంబం. ఐదోది బయటపడే దారి: నచ్చకపోతే, దెబ్బ తగిలితే, జట్టు ఇంకో ఊరి జట్టుతో మార్పిడి చేస్తే ఏమవుతుందన్నది.

లీగ్ పేరు ఈ ఐదింటిలో లేదు, గమనించండి.

స్కౌట్ చూపు నుంచి సంతకం దాకా

కెనడాలో పెద్ద జూనియర్ లీగ్‌ని సీహెచ్ఎల్ అంటారు. దాని కింద మూడు లీగులున్నాయి: పడమర రాష్ట్రాలకి డబ్ల్యూహెచ్ఎల్, ఒంటారియోకి ఓహెచ్ఎల్, క్యూబెక్‌కీ తూర్పు తీర రాష్ట్రాలకీ క్యూఎంజేహెచ్ఎల్. సరిహద్దు దాటి కొన్ని అమెరికా జట్లు కూడా వీటిలో ఆడతాయి. ఎవరి ప్రాంతంలో పిల్లల్ని వాళ్ళే డ్రాఫ్ట్ చేస్తారు. వయసులో తేడా ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఓహెచ్ఎల్, క్యూఎంజేహెచ్ఎల్ పదహారు నిండే ఏడాది పిల్లల్ని తీసుకుంటే, డబ్ల్యూహెచ్ఎల్ ఇంకో ఏడాది ముందే, పదిహేను నిండే ఏడాదే తీసుకుంటుంది. అంటే కాల్గరీలోనో ఎడ్మంటన్‌లోనో ఉన్న తెలుగు కుటుంబానికి ఈ తలనొప్పి పిల్లాడు తొమ్మిదో తరగతిలో ఉండగానే మొదలవుతుంది.

డ్రాఫ్ట్‌కి ముందు రెండు సీజన్లు స్కౌట్లు, అంటే జట్ల తరఫున పిల్లల ఆట చూసి ఎంచేవాళ్ళు, రింకుల చుట్టూ తిరుగుతారు. గాజు పలకల దగ్గర ఒక మూల నిలబడి, చేతిలో చిన్న పుస్తకమో ఫోనో పట్టుకుని చూస్తుంటారు. గోల్స్ లెక్క అందరికీ కనపడేదే, దానికోసం వాళ్ళు రానక్కర్లేదు. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) పోయాక వెనక్కి పరిగెత్తాడా, తప్పు చేసి బెంచీకి వచ్చాక తోటివాడి మీద అరిచాడా, కోచ్ చెప్తుంటే తల తిప్పుకున్నాడా, ఇవి చూస్తారు. తల్లిదండ్రుల్ని కూడా చూస్తారు. మా పిల్లాడి జట్టులో ఒక తండ్రి కొడుకు ఐస్ మీదికి దిగిన ప్రతిసారీ గాజు మీద కొడుతుంటే, పక్కనున్న స్కౌట్ రెండు గజాలు జరిగి పుస్తకంలో ఏదో రాసుకోవడం నా కళ్ళతో చూశాను.

తరవాత ప్రశ్నల ఫారం వస్తుంది, ఫోన్లు వస్తాయి. అన్ని ఫోన్లలోనూ అసలు ప్రశ్న ఒక్కటే: "మేం తీసుకుంటే మీవాడు వస్తాడా?" ఈ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పండి, కానీ తొందరపడి మాటివ్వకండి. రానని తెలిసిన పిల్లాడి మీద జట్టు ఒక పిక్, అంటే ఎంచుకునే వంతు, వృథా చేసుకోదు. మన చేతిలో ఉన్న బలం కూడా అదే. 1989లో, తరవాత పెద్ద ప్రొఫెషనల్ ఆటగాడైన ఎరిక్ లిండ్రోస్‌ని ఓహెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో సూ సెయింట్ మేరీ జట్టు మొట్టమొదట ఎంచుకుంటే ఆయన అక్కడికి వెళ్ళనన్నాడు, చివరికి ఓషావాకి ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ స్థాయి పిల్లాడికి చెల్లింది కాబట్టి అందరికీ చెల్లుతుందని కాదు. కానీ డ్రాఫ్ట్ కుటుంబం చేతులు కట్టెయ్యదన్నది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఓహెచ్ఎల్‌లో 20 జట్లు, 15 రౌండ్లు, అంటే 300 పేర్లు. అందులో ఆ శరదృతువులోనే జట్టులో చోటు దొరికేది సాధారణంగా జట్టుకి ముగ్గురు నలుగురికి. మిగతావాళ్ళు వేసవి ముందు ఒక చిన్న క్యాంపు, ఆగస్టు చివర పెద్ద క్యాంపు చేసి తమ పాత జట్లకి తిరిగి వచ్చేస్తారు. పేరు మాత్రం జట్టు జాబితాలో ఉంటుంది, ఎవరికైనా దెబ్బ తగిలితే ఒకటి రెండు మ్యాచ్‌లకి పిలుస్తారు. డ్రాఫ్ట్ కానివాళ్ళకీ తలుపు మూసుకుపోదు. జట్లు డ్రాఫ్ట్ బయట కూడా పిల్లల్ని క్యాంపుకి పిలిచి సంతకం చేయించుకుంటాయి. ఈ ఒక్క ముక్క తెలిస్తే డ్రాఫ్ట్ రోజు రాత్రి ఎన్నో ఇళ్ళలో ఏడుపులు తగ్గుతాయి.

2025 నుంచి మారిపోయిన లెక్క

పాత సలహాలు ఇచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి ఇది విడమరిచి చెప్పాలి. ఎన్నో ఏళ్ళు సీహెచ్ఎల్‌లో ఆడిన పిల్లాడు అమెరికా కాలేజీ హాకీకి, అంటే ఎన్‌సీఏఏకి, పనికిరాకుండా పోయేవాడు. ఆ లీగ్‌ని వాళ్ళు ప్రొఫెషనల్ కింద లెక్కేసేవారు. పదిహేనేళ్ళ వయసులో సంతకం పెడితే హార్వర్డ్, మిషిగన్ లాంటి చోట ఆడే దారి శాశ్వతంగా మూసుకుపోయేది. అందుకే చదువు మీద మమకారం ఉన్న కుటుంబాలు కెనడాలో ఒక మెట్టు కింద ఉండే జూనియర్ ఏ వైపో అమెరికా జూనియర్ లీగ్ యూఎస్‌హెచ్ఎల్ వైపో వెళ్ళేవారు.

2024 నవంబరు 7న ఎన్‌సీఏఏలో అన్నిటికన్నా పైస్థాయి అయిన డివిజన్ వన్ కౌన్సిల్ ఆ రూలు తీసేసింది. 2025 ఆగస్టు 1 నుంచి, అసలు ఖర్చులకి మించి డబ్బు తీసుకోనంతవరకు, సీహెచ్ఎల్ పిల్లలు కూడా కాలేజీలో ఆడొచ్చు. 2022లో డబ్ల్యూహెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి పేరుగా మెడిసిన్ హాట్ జట్టు తీసుకున్న గావిన్ మెకెన్నా, 2025 జూలైలో అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్తున్నానని చెప్పాడు. రెండేళ్ళ ముందు అది ఊహకి అందని మాట.

దీంతో ఒక భయం పోయింది, ఇంకో ఇబ్బంది వచ్చింది. కాలేజీ కోచ్‌లకి ఇప్పుడు సీహెచ్ఎల్‌లో రాటుదేలిన 19, 20 ఏళ్ళవాళ్ళు దొరుకుతున్నారు. డివిజన్ వన్‌లో మగపిల్లల జట్లు అరవై చిల్లరే, సీట్లు పెరగలేదు, పోటీ పెరిగింది. జూనియర్ ఏ నుంచి నేరుగా కాలేజీకి వెళ్ళే దారి మునుపటికన్నా ఇరుకైంది. "మావాడు జూనియర్ ఏ ఆడితే కాలేజీ గ్యారంటీ" అని ఎవరైనా అంటే ఏ ఏడాది సంగతి చెప్తున్నారో అడగండి.

ఒక్కో దారి

ముందు ఒక చూపులో:

| దారి | సీజన్‌లో మ్యాచ్‌లు | మన జేబు ఖర్చు | చదువుకి సాయం | ఎవరికి సరిపోతుంది |
|---|---|---|---|---|
| సీహెచ్ఎల్ | 64 నుంచి 68 | ఆడటానికి ఫీజు లేదు, బిల్లెట్ జట్టుదే | కాంట్రాక్టులో స్కాలర్‌షిప్ | ఒళ్ళూ ఆటా ముందే ఎదిగినవాళ్ళు |
| యూఎస్‌హెచ్ఎల్ | 62 | ఫీజు లేదు | కాలేజీ స్కాలర్‌షిప్ మీద ఆశ | కాలేజీయే లక్ష్యమైనవాళ్ళు |
| కెనడా జూనియర్ ఏ | 50 పైచిలుకు | చాలా జట్లలో ఫీజు ఉంటుంది | లీగ్‌ని బట్టి, తక్కువే | నెమ్మదిగా ఎదిగేవాళ్ళు |
| ఇంటి దగ్గర ఇంకో ఏడాది | జట్టుని బట్టి | మనదే, బాగానే అవుతుంది | లేదు | 15, 16 ఏళ్ళకి సిద్ధం కానివాళ్ళు |

*సీహెచ్ఎల్.* పెద్దవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో ఎక్కువ పేర్లు వచ్చే చోటు ఇదే. పదహారేళ్ళవాడు ఇరవై ఏళ్ళవాడి మీదికి వెళ్ళి పక్ లాక్కోవాలి, వారానికి మూడు మ్యాచ్‌లు, డబ్ల్యూహెచ్ఎల్ అయితే రాత్రంతా బస్సులో ప్రయాణాలు. ఎదిగినవాడికి ఇది బంగారం. ఎదగనివాడికి ఏడాది వృథా, పైగా ఆత్మవిశ్వాసం దెబ్బతింటుంది, అది తిరిగి తెచ్చుకోవడం ఒళ్ళు పెంచుకోవడంకన్నా కష్టం.

ఇక్కడ మనవాళ్ళు సరిగ్గా చూడనిది స్కాలర్‌షిప్. డబ్ల్యూహెచ్ఎల్‌లో ఒక సీజన్ ఆడితే ఒక ఏడాది కాలేజీ ట్యూషన్, పుస్తకాలు, తప్పనిసరి ఫీజులు. నాలుగు సీజన్లు ఆడినవాడు ఎన్‌హెచ్ఎల్‌కి వెళ్ళకపోయినా కెనడాలో నాలుగేళ్ళ డిగ్రీ చదువుకోవచ్చు, అదే యూనివర్సిటీ జట్టుకి యూ స్పోర్ట్స్‌లో, అంటే కెనడా యూనివర్సిటీల పోటీల్లో, ఆడుకోవచ్చు కూడా. ఓహెచ్ఎల్, క్యూఎంజేహెచ్ఎల్ పద్ధతులు వేరు, కాంట్రాక్టుని బట్టి మారతాయి. ఎక్కడైనా అడగాల్సినవి మూడు: జూనియర్ అయిపోయాక ఎన్ని నెలల్లోపు కాలేజీలో చేరాలి, ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద సంతకం పెడితే ఏమవుతుంది, సీజన్ మధ్యలో వదిలేస్తేనో దెబ్బ తగిలితేనో ఆ ఏడాది లెక్కలోకి వస్తుందా. ఒక జట్టు మాకు ఫోన్‌లో చెప్పిన మాటకీ తరవాత పంపిన కాగితానికీ ఒక ఏడాది చదువంత తేడా ఉంది. మోసం చేశారని అనను, చెప్పినాయనకే సరిగ్గా తెలిసి ఉండదు. కానీ నోటిమాట నీటిమూట అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇంకో సంగతి, మార్పిడి. జట్టు గెలుపు కోసం జనవరి గడువులోపు ఆటగాళ్ళని అటూ ఇటూ మారుస్తుంది. మనం ఇల్లు, స్కూలు, బిల్లెట్ అన్నీ చూసుకుని పంపిన పిల్లాడు ఒక మంగళవారం సాయంత్రం బ్యాగు సర్దుకుని తొమ్మిది వందల కిలోమీటర్ల అవతల ఇంకో స్కూల్లో చేరాల్సి రావచ్చు. పదకొండో తరగతి మధ్యలో. మార్చకూడదన్న షరతు పెట్టించుకోగలిగే స్థాయి పిల్లాడైతే పెట్టించుకోండి. లేకపోతే కనీసం పిల్లాడికి ముందే చెప్పి మనసు సిద్ధం చేయండి.

*యూఎస్‌హెచ్ఎల్.* అమెరికాలో పైస్థాయి జూనియర్ లీగ్ ఇదే. అయోవా, నెబ్రాస్కా, ఇల్లినాయ్ లాంటి మధ్య రాష్ట్రాల ఊళ్ళలో జట్లుంటాయి. దీని డ్రాఫ్ట్ రెండు విడతలు: మొదటిది పదహారు నిండే ఏడాది పిల్లలకి, రెండోది మిగిలిన జూనియర్ వయసువాళ్ళందరికీ. కెనడాలో ఒక జట్టు రుమాలు వేసిన పిల్లాడి మీద ఇక్కడ ఇంకో జట్టు కూడా వెయ్యొచ్చు, బస్సులు వేరు కదా. మాక్లిన్ సెలెబ్రీనిని డబ్ల్యూహెచ్ఎల్‌లో సియాటిల్ డ్రాఫ్ట్ చేసింది. అతను యూఎస్‌హెచ్ఎల్ జట్టు చికాగో స్టీల్‌కి ఆడాడు, అక్కడి నుంచి బోస్టన్ యూనివర్సిటీకి వెళ్ళి 2024లో కాలేజీ హాకీలో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు గెలిచి, అదే ఏడాది ఎన్‌హెచ్ఎల్ డ్రాఫ్ట్‌లో మొదటి పేరయ్యాడు. ఓవెన్ పవర్ కూడా అంతే, ఓహెచ్ఎల్‌లో ఫ్లింట్ డ్రాఫ్ట్ చేసింది, చికాగో స్టీల్, మిషిగన్ మీదుగా 2021లో మొదటి పేరు.

మంచి విషయం ఏంటంటే మ్యాచ్‌లు ఎక్కువగా వారాంతాల్లోనే, మిగతా రోజులు ప్రాక్టీసు, జిమ్. సన్నగా ఉన్న పిల్లాడికి కండ పట్టే సమయం దొరుకుతుంది. కాలేజీ కోచ్‌లకి ఈ లీగ్ అలవాటైన చోటు. లోటు ఏంటంటే సీహెచ్ఎల్ లాగా సీజన్‌కి ఒక ఏడాది చదువు అని మన ఖాతాలో జమ అయ్యేదేమీ లేదు, అంతా కాలేజీ స్కాలర్‌షిప్ దొరకడం మీదే ఆధారపడి ఉంటుంది. ఒక మెట్టు కింద ఎన్ఏహెచ్ఎల్ ఉంది, అక్కడా ఆటకి ఫీజు లేదు. అక్కడ డ్రాఫ్ట్‌కి ముందే "టెండర్" అని ఒక ఒప్పందం చేసుకుంటారు. దాని మీద సంతకం పెడితే ఆ లీగ్‌లో ఆ ఒక్క జట్టుకే కట్టుబడినట్టు. ఇది కూడా రుమాలే, కాకపోతే ఈసారి మనం కూడా ఒక కొస పట్టుకున్నాం.

అమెరికాలో హెచ్1బీ, హెచ్4 మీద ఉన్న కుటుంబాలు, కెనడా నుంచి అమెరికా కాలేజీకి పంపాలనుకునేవాళ్ళు వీసా సంగతి జట్టు మాట మీద వదలకుండా లాయరుని అడగండి. ఎఫ్-1 మీద చదివే ఆటగాడు, పేరు మీద వచ్చే ప్రకటనల డబ్బు పక్కనున్న అమెరికా పిల్లాడిలా తీసుకోలేడు. కోచ్ ఎంత ఆశ పెట్టినా మన లెక్కలో ఆ డబ్బు వేసుకోకూడదు.

*కెనడా జూనియర్ ఏ.* ఒంటారియోలో ఓజేహెచ్ఎల్, అల్బర్టాలో ఏజేహెచ్ఎల్, బ్రిటిష్ కొలంబియాలో బీసీహెచ్ఎల్ లాంటివి. దీన్ని రెండో రకంగా చూడకండి. కేల్ మకార్ ఏజేహెచ్ఎల్‌లో బ్రూక్స్ బాండిట్స్‌కి ఆడి, మసాచుసెట్స్ యూనివర్సిటీకి వెళ్ళి 2019లో హోబీ బేకర్, 2022లో కొలరాడోతో ఎన్‌హెచ్ఎల్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచాడు. మావాడు కూడా ఓజేహెచ్ఎల్‌లో ఒక ఏడాది ఆడాకే తనని డ్రాఫ్ట్ చేసిన జట్టులో చేరాడు. ఆ ఏడాది ఇంటి నుంచే వెళ్ళొచ్చేవాడు, రాత్రి పదింటికి వచ్చి పెరుగన్నం తిని నిద్రపోయేవాడు. జట్టులో ఉన్న ముగ్గురు మంచి డిఫెన్స్ ఆటగాళ్ళలో వీడొకడు కాబట్టి ప్రతి మ్యాచ్‌లో చివరి రెండు నిమిషాలూ ఐస్ మీదే ఉండేవాడు. ఆ రెండు నిమిషాల్లో చేసిన తప్పులే వాడిని తయారుచేశాయి.

కానీ ఇక్కడ జాగ్రత్త కావాలి. జట్టుకీ జట్టుకీ పొంతన ఉండదు. కొన్ని చోట్ల ఫీజు వేల డాలర్లు, దాని మీద బిల్లెట్ ఖర్చు మనదే. బీసీహెచ్ఎల్ 2023లో దేశంలో హాకీని నడిపే సంస్థ హాకీ కెనడా నుంచి బయటికి వచ్చేసింది, 2024లో బ్రూక్స్‌తో సహా ఐదు అల్బర్టా జట్లు అందులో కలిశాయి. ఆట బాగుంటుంది, కానీ హాకీ కెనడా గొడుగు బయట ఉన్న లీగ్ కాబట్టి సీజన్ మధ్యలో తిరిగి పాత జట్టుకి రావచ్చా లేదా అన్నది ఆ ఏడాది రూల్స్ చూసుకుని, రాతపూర్వకంగా తెలుసుకుని అడుగెయ్యండి.

*ఇంకో ఏడాది ఇంటి దగ్గరే.* యూ18 ట్రిపుల్ ఏ (పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళ పైస్థాయి స్థానిక హాకీ) జట్టో, హాకీ ప్రోగ్రాం ఉన్న స్కూలో. మనవాళ్ళకి ఇది ఓడిపోయినట్టు అనిపిస్తుంది. నా దృష్టిలో పదహారేళ్ళ పిల్లల్లో చాలామందికి సరైనది ఇదే. ఎముకలు ఇంకా ఎదుగుతున్నాయి, అమ్మ చేతి వంట ఉంది, గణితం మార్కులు పడిపోతే వారం లోపు మనకి తెలుస్తుంది. ప్రైవేటు హాకీ స్కూళ్ళ ఫీజులు మాత్రం గుండె ఆగేంత ఉంటాయి. అప్పు చేసి కట్టేంత తేడా ట్రిపుల్ ఏకీ వాటికీ మధ్య నాకు కనపడలేదు.

ఇక డబ్బు తీసుకుని ఎవరినైనా జట్టులో వేసుకునే కింది స్థాయి లీగులు అమెరికాలో బోలెడున్నాయి. "మీ అబ్బాయి వీడియో చూశాం, మా దగ్గర చోటుంది" అని ముక్కూ మొహం తెలియని జట్టు నుంచి మెయిల్ వస్తుంది. వాళ్ళకి కావాల్సింది ముందుగా కట్టే డిపాజిట్. ఆ జట్టు నుంచి గత మూడేళ్ళలో ఎంతమంది ఎక్కడికి వెళ్ళారో పేర్లతో అడగండి. జవాబు రాకపోతే అదే జవాబు.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక్క మాట: సీహెచ్ఎల్‌లాంటి డ్రాఫ్ట్ వ్యవస్థ ఆడపిల్లలకి లేదు. వాళ్ళు క్లబ్, స్కూలు జట్ల నుంచి నేరుగా ఎన్‌సీఏఏకీ యూ స్పోర్ట్స్‌కీ వెళ్తారు, కాబట్టి కాలేజీ కోచ్‌కి వీడియో, మార్కులు పంపడం మీదే పెట్టండి మీ శ్రమంతా.

ఎవరికి ఏది

పిల్లాడు మొదటి మూడు రౌండ్లలో వెళ్ళి, జట్టు జనరల్ మేనేజరే మీ ఇంటికి వచ్చి ఎన్ని నిమిషాలు ఆడిస్తారో, పక్కన ఎవరుంటారో చెప్తుంటే, సీహెచ్ఎల్‌కి వెళ్ళండి. కాలేజీ దారి కూడా ఇప్పుడు తెరిచే ఉంది, ఆగడానికి పాత కారణం లేదు.

మధ్య రౌండ్లు, చివరి రౌండ్లలో వెళ్ళినవాడైతే క్యాంపుకి తప్పకుండా పంపండి, బాగా ఆడించండి, కానీ సంతకానికి తొందరపడకండి. ఆ ఏడాది జూనియర్ ఏలోనో ట్రిపుల్ ఏలోనో ఎక్కువ నిమిషాలు ఆడి మళ్ళీ వెళ్ళొచ్చు, జట్టు జాబితాలో పేరు ఉన్నంతకాలం వాళ్ళూ చూస్తూనే ఉంటారు.

మార్కులు బాగున్నవాడు, ఒళ్ళు ఇంకా పట్టనివాడు, అమెరికా డిగ్రీ మీద మనసున్నవాడు, వీడికి యూఎస్‌హెచ్ఎల్ జట్టు నిజంగా చోటిస్తే అది చాలా మంచిది. కాలేజీ ఆలోచన ఏ మూల ఉన్నా డివిజన్ వన్ అర్హతకి 16 కోర్ సబ్జెక్టులు, 2.3 జీపీఏ కావాలన్నది తొమ్మిదో తరగతి నుంచే గుర్తుంచుకోండి. హాకీ బాగా ఆడి, పదో తరగతిలో సులువని తీసుకున్న గణితం కోర్సు లెక్కలోకి రాక వేసవిలో ఆన్‌లైన్‌లో మళ్ళీ చదివిన పిల్లాణ్ణి నేనెరుగుదును.

డబ్బు ఇబ్బంది ఉన్న కుటుంబమైతే, నిజానికి ఫీజు లేని లీగులు పైవే, కిందవి కాదు. కాబట్టి పైన చోటు దొరక్కపోతే కింద డబ్బు పోసి కొనుక్కోవడం కన్నా ఇంటి దగ్గర ఆడించడం మేలు.

కాగితం ముందుకొచ్చిన రోజు

మాకు ఆ రోజు రింక్ పార్కింగ్‌లో వచ్చింది. మంచు పడుతోంది, మేనేజర్ కారు బానెట్ మీదే ఫైలు తెరిచాడు, పెన్ను మూత తీసి మా ఆయన చేతికిచ్చాడు. పిల్లాడి మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూసి కాదనడం ఎంత కష్టమో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. మా ఆయన పెన్ను తిరిగి ఇచ్చేసి, "ఇంటికి తీసుకెళ్ళి చదువుతాం, శుక్రవారం చెప్తాం" అన్నాడు. కారులో ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. మేనేజర్‌కి కోపమేమీ రాలేదు, వాళ్ళకి అది మామూలే.

ఆ మూడు రోజుల్లో కాంట్రాక్టులు చదవడం తెలిసిన లాయరుకి చూపించాం, అదే జట్టులో అంతకుముందు ఆడిన ఇద్దరు పిల్లల తల్లులకి ఫోన్ చేశాం. లాయరు రెండు లైన్లు మార్పించాడు, రెండూ స్కాలర్‌షిప్ గడువు గురించే. తల్లుల దగ్గర తెలిసింది వేరు: ఏ బిల్లెట్ ఇంట్లో పిల్లాడికి శాకాహారం వండిపెడతారు, ఏ అసిస్టెంట్ కోచ్ పిల్లలు దెబ్బ తగిలిందని చెప్తే వింటాడు, తల తిరుగుతోందన్న పిల్లాణ్ణి డాక్టర్ దగ్గరికి పంపుతారా మళ్ళీ ఐస్ మీదికి పంపుతారా. ఇవేవీ కాంట్రాక్టులో ఉండవు. తల్లులు మాత్రం దాచకుండా చెప్తారు, అడగడానికి మొహమాటపడకండి.

శుక్రవారం సాయంత్రం మా వంటింటి బల్ల మీదే సంతకం పెట్టాం. ముందు వాడు పెట్టాడు, తరవాత వాళ్ళ నాన్న, ఆ తరవాత నేను. బిల్లెట్ ఆవిడ నంబరు ఫ్రిజ్ మీద అతికించి, పప్పు ఎలా వండాలో ఆవిడకి మెసేజ్ పెట్టాను.